కప్పు విప్పాక బయటపడే ఖర్చు ఎవరిది? రూఫింగ్ కాంట్రాక్టు రాసుకునే ముందు

కొత్తగా రూఫింగ్ వ్యాపారం మొదలుపెట్టినవాళ్లకు కాంట్రాక్టు అనగానే ముందు గుర్తొచ్చేది ఫార్మాట్. తెలిసినవాళ్ల దగ్గర ఒక ఫైల్ తీసుకుంటారు, పేర్లు మారుస్తారు, ధర రాస్తారు, సంతకాలు పెట్టించేస్తారు. ఆ ఫైల్ తప్పని కాదు. కాకపోతే అలాంటివి చాలావరకు గోడలకు రంగు వేసినా, నేలకు టైల్స్ పరిచినా, కప్పు మార్చినా ఒకేలా పనికొచ్చేట్టు రాసినవి. కప్పు పనిలో మిగతావాటికి అంతగా లేని చిక్కు ఒకటుంది. సంతకం పెట్టే రోజుకి అసలు పని ఎంతుందో ఇద్దరికీ పూర్తిగా తెలియదు.

రంగు వేసేవాడికి గోడ కళ్లెదుటే ఉంటుంది. కప్పు మార్చేవాడికి కనిపించేది పైపొర మాత్రమే. పాత పెంకులో షీట్లో విప్పితే గానీ కింద చెక్క గట్టిగా ఉందో, ఏళ్ల తరబడి నీళ్లు పీల్చి మెత్తబడిందో తేలదు. ఒకటే పొర అనుకున్నచోట, ఎప్పుడో పాతదాన్ని తియ్యకుండా దాని మీదే వేసేసిన రెండో పొర బయటపడొచ్చు. వాసాలు కొత్త కప్పు బరువు మోయలేనంత దూరంగా ఉండొచ్చు. ధర మాత్రం ఇవేవీ చూడకముందే చెప్పాలి.

తెలిసిన పనికి ధర కట్టడం ఏ ఫార్మాట్ అయినా చేస్తుంది. అనుకోనిది బయటపడితే ఎవరు ఎవరికి చెప్పాలి, ఎంతలోగా చెప్పాలి, ఆ ఖర్చు ఎవరిది, తేలేదాకా పని ఆపాలా వద్దా? ఇవి ముందే రాసి పెట్టుకున్న కాగితమే రూఫింగ్ కాంట్రాక్టు అనిపించుకుంటుంది. అడ్వాన్సు, గ్యారంటీ, వాన, గడువు అన్నీ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ఒక్క లైనులో రాసిన పని

"పాత కప్పు తీసివేసి కొత్త షీట్లు వేసి ఇవ్వబడును." ఇలా ఒక్క లైనుతో సరిపెట్టిన కాంట్రాక్టులు కోకొల్లలు. ఈ లైనును కస్టమర్ చదివితే అందులో గట్టర్లు ఉన్నాయి, చూరు పలకలు ఉన్నాయి, చిమ్నీ చుట్టూ రేకు ఉంది, పాత సామాను లారీకెత్తి ఎక్కడో పారబోయడం ఉంది. మీరు చదివితే షీట్లు, స్క్రూలు, లేబర్ మాత్రమే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అయితే రెండర్థాలకు తావిచ్చే షరతు కోర్టుకెళ్తే, దాన్ని రాసినవాళ్లకు వ్యతిరేకంగా చదవాలన్న సూత్రం చాలా దేశాల న్యాయంలో ఉంది. ఇక్కడ రాసింది మీరే. అవతలివాళ్లు మామూలు ఇంటి యజమానులైతే మొగ్గు ఇంకాస్త వాళ్లవైపే ఉంటుంది.

పని వివరం రాయడానికి తేలికైన పద్ధతి, కప్పును కింది నుంచి పైకి పొరలుగా చూసుకోవడం. వాసాలు, వాటి మీద పలకలు లేదా రీపర్లు, ఆ పైన నీరు దిగకుండా పరిచే అండర్‌లే, తర్వాత ఫ్లాషింగులు (అతుకుల దగ్గర నీరు దిగకుండా బిగించే రేకులు), చివరికి పెంకులు లేదా షీట్లు, కొప్పు, చూరు, గట్టర్లు. ఒక్కో పొర పక్కన మూడింట్లో ఒక మాట ఉండాలి: కొత్తది వేస్తాం, ఉన్నదాన్ని ఉంచుతాం, ఈ పని మాది కాదు. ఏదీ రాయని పొర కాంట్రాక్టులో కనిపిస్తే అక్కడే తగువు మొలుస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ ఫ్లాషింగుల మీద పెట్టాలి. కప్పు నట్టనడుమ నీళ్లు కారడం అరుదు. కారేది కప్పు గోడను కలిసేచోట, రెండు వాలులు కలిసే మూలలో, గొట్టాలు బయటికొచ్చేచోట, స్కైలైట్ చుట్టూ. పాత ఫ్లాషింగ్ చూడ్డానికి బాగుందని ఉంచేసి కొత్త షీట్లు వేశారనుకోండి. రెండేళ్లకు అక్కడ లీకైతే కస్టమర్ లెక్కలో అది మీ కొత్త కప్పు లీకైనట్టే. ఉంచేట్టయితే "ఫలానా గోడ దగ్గరి ఫ్లాషింగ్ పాతదే ఉంచుతున్నాం, దానికి మా పని గ్యారంటీ వర్తించదు" అని ఆ గోడను చూపించి మరీ రాయాలి. నన్నడిగితే ధర కొంచెం పెరిగినా ఫ్లాషింగులన్నీ కొత్తవి వేసే లెక్కలోనే కొటేషన్ ఇవ్వడం మేలు. ఆ కాస్త ఖర్చుకు భయపడి కొత్త ఫ్లాషింగులు వద్దనే కస్టమర్ తర్వాత అంతకన్నా ఖరీదైన తలనొప్పి తెస్తాడు.

కొలతల దగ్గరా ఇలాంటి మెలికే ఉంది. కస్టమర్‌కి తెలిసేది ఇంటి నేల విస్తీర్ణం. మీరు కప్పేది వాలు. నేల మీద 1000 చదరపు అడుగులున్న చోట కప్పు 30 డిగ్రీల వాలుతో ఉంటే దాని ఉపరితలం దాదాపు 1155 చదరపు అడుగులు, 45 డిగ్రీలైతే 1414. చూరు గోడ దాటి ముందుకొచ్చేది, మూలల్లో కోతల్లో పోయే వేస్టేజీ దీనికి అదనం. బిల్లు చూడగానే "మా ఇల్లే వెయ్యి అడుగులు, పద్నాలుగొందలెలా అయింది?" అన్న ప్రశ్న వస్తుంది. ఏ కొలత మీద డబ్బు తీసుకుంటున్నారో, వేస్టేజీ అందులో కలిసిందో లేదో కాంట్రాక్టులో ఒక వాక్యం ఉంటే ఆ ప్రశ్నకు జవాబు ముందే ఉన్నట్టు. మొత్తం పనికి కలిపి ఒకే ధర చెబితే ఈ గొడవే లేదు, కానీ అప్పుడు కొలత తప్పితే నష్టం మీదే.

సామాను పేరు రాసేటప్పుడు బ్రాండ్ ఒక్కటే రాసి ఊరుకోకూడదు. మెటల్ షీటుకు 0.5 మిల్లీమీటర్లని రాస్తే అది పూతలతో కలిపిన మందమా, లోపలి లోహం మందమా? రెండూ ఒకటి కాదు, తేడా వారంటీ దాకా వెళ్తుంది. పూత రకం, రంగు కోడ్, స్క్రూల రకం కూడా రాసేయాలి. తర్వాత వచ్చే ప్రశ్న: రాసిన బ్రాండ్ దొరక్కపోతే?

దీనికి అమెరికాలో ఒక పేరున్న కేసే ఉంది. 1921లో న్యూయార్క్ కోర్ట్ ఆఫ్ అపీల్స్ తీర్పిచ్చిన జేకబ్ అండ్ యంగ్స్ వర్సెస్ కెంట్. ఇల్లు కట్టే ఒప్పందంలో రీడింగ్ కంపెనీ పైపులే వాడాలని రాసుకున్నారు. బిల్డర్ పొరపాటున కొంతమేర వేరే కంపెనీ పైపులు వాడాడు. నాణ్యతలో తేడా లేదు. యజమాని మాత్రం గోడలు పగలగొట్టి మార్చమన్నాడు, చివరి బకాయి సుమారు 3,483 డాలర్లు ఆపేశాడు. జడ్జి బెంజమిన్ కార్డోజో, తేడా తెలియక జరిగింది, చిన్నది కాబట్టి పైపులన్నీ మార్చే ఖర్చు కాకుండా విలువలో తేడా మాత్రమే తగ్గించుకోవాలన్నాడు. ఆ తేడా దాదాపు సున్నా. బిల్డర్ గెలిచాడు, అదీ 4–3 మెజారిటీతో. అంటే ఒక్క జడ్జి అటు మొగ్గి ఉంటే ఓడిపోయేవాడు. అంతదూరం వెళ్లకుండా ఉండాలంటే "లేదా కస్టమర్ రాతపూర్వకంగా ఒప్పుకున్న, అదే మందం, అదే పూత ఉన్న మరో కంపెనీ సరుకు" అన్న మాట కాంట్రాక్టులో ఉంటే చాలు. వాట్సాప్‌లో వచ్చిన "ఓకే" రాతపూర్వకం కిందికి వస్తుందా రాదా అన్నది కూడా అక్కడే తేల్చేసుకోండి. వస్తుందని రాసుకోవడమే ఆచరణలో సుఖం.

కింద ఏముందో తెలియనప్పుడు

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. కప్పు విప్పారు. నాలుగు పలకలు నల్లగా మెత్తబడి ఉన్నాయి, చేత్తో నొక్కితే వేలు దిగుతోంది. కస్టమర్ ఆఫీసులో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. మబ్బు పట్టింది. మనుషులు పైన నిలబడి మీవైపు చూస్తున్నారు. ఇప్పుడేం చేస్తారు? చెప్పకుండా పలకలు మార్చేస్తే తర్వాత "నేనడగలేదుగా" అంటారు. మార్చకుండా పైన షీట్లు వేసేస్తే పుచ్చిన చెక్కలో స్క్రూ పట్టు ఉండదు, గాలికి షీటు లేస్తే తప్పు మీదే. పని ఆపి కూర్చుంటే లోపలికి వాన.

ఈ పరిస్థితిని ముందే ఊహించుకుని రాసిన క్లాజు ఇలా ఉంటుంది:

"పై ధరలో 100 చదరపు అడుగుల వరకు పాడైన పలకలు మార్చడం కలిసి ఉంది. అంతకు మించితే, అనుబంధంలో రాసిన చదరపు అడుగు రేటు ప్రకారం అదనంగా చెల్లించాలి. నష్టం బయటపడగానే కొలతతో సహా ఫోటోలు కస్టమర్ ఇచ్చిన నంబరుకు పంపుతాం. రెండు గంటల్లో జవాబు రాకపోతే, వాన రక్షణకు తప్పనిసరైన మేరకు, అనుబంధంలో రాసిన గరిష్ఠ మొత్తం దాటకుండా పని కొనసాగిస్తాం. అంతకన్నా పెద్ద మరమ్మతు అవసరమైతే కప్పును తాత్కాలికంగా కప్పి, కస్టమర్ రాతపూర్వక అనుమతి వచ్చేదాకా ఆగుతాం. ఆగిన రోజులు గడువులో లెక్కకు రావు."

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక కారణముంది. మొదటి వాక్యం కొంత మేర రిస్క్ మీరే తీసుకుంటున్నారని చెబుతుంది. ప్రతి చిన్న ముక్కకీ డబ్బు అడిగే మనిషి మీద కస్టమర్‌కి నమ్మకం కుదరదు. రేటు ముందే రాసి ఉండడం ఇంకా ముఖ్యం. కప్పు తెరిచి ఉన్నప్పుడు చెప్పే రేటు ఎంత న్యాయమైనదైనా కస్టమర్‌కి అది మెడ మీద కత్తి పెట్టి అడిగినట్టే ఉంటుంది. ఫోటోల్లో టేపు పెట్టి తీసిన కొలత కనిపించాలి, ఆ తర్వాత కొత్త పలక వేశాక మరో ఫోటో తియ్యాలి. షీట్లు పడ్డాక ఇక ఎవరూ చూడలేరు కాబట్టి ఆ ఫోటోలే మీ సాక్ష్యం. గంటలెన్ని, అడుగులెన్ని అన్నది మీ పనిని బట్టి, వాతావరణాన్ని బట్టి మార్చుకోండి. గరిష్ఠ మొత్తం మాత్రం వదిలెయ్యొద్దు. అది లేకపోతే ఈ క్లాజు ఖాళీ చెక్కు లాంటిది, చదివి అర్థం చేసుకున్న కస్టమర్ ఎవరూ సంతకం పెట్టరు.

ఈ క్లాజుతో తీరని సమస్య ఆస్బెస్టాస్. పాత సిమెంటు రేకుల్లో, కొన్ని పాత బిటుమెన్ (తారు లాంటి పదార్థం) పొరల్లో అది ఉంటుంది. పగలగొడితే, కోస్తే దాని పోగులు గాల్లో కలుస్తాయి, ఊపిరితిత్తుల జబ్బులకు, క్యాన్సర్‌కు అది రుజువైన కారణం. బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివరి రోజు నుంచి దాన్ని పూర్తిగా నిషేధించాయి. చాలాచోట్ల తీసెయ్యడానికి లైసెన్సున్న మనుషులే రావాలి. కాబట్టి ఇక్కడ "రేటు ప్రకారం కొనసాగిస్తాం" అనడం కుదరదు. అనుమానం వచ్చిన క్షణాన పని ఆగుతుంది, పరీక్ష, తొలగింపు వేరే ఒప్పందం కిందికి వస్తాయి, గడువు జరుగుతుంది అని విడిగా రాయాలి. మీ మనుషుల ఆరోగ్యం కోసమైనా ఇది ఉండాలి.

కస్టమర్ తనంతట తాను మధ్యలో మార్పు అడగడం వేరే సంగతి. "అక్కడ ఇంకో స్కైలైట్ పెట్టేయండి" అని నిచ్చెన కింద నిలబడి అంటారు, మీ మేస్త్రీ సరేనంటాడు. నోటిమాట మీద చేసిన ఎక్స్‌ట్రా పనికి బిల్లు వసూలు చేసుకోవడం ఎంత కష్టమో ఈ ఫీల్డులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏం మారింది, ధర ఎంత పెరిగింది, ఎన్ని రోజులు పెరిగాయి అన్న మూడు విషయాలతో అర పేజీ కాగితం, దాని కింద సంతకం. మేస్త్రీకి ధర ఒప్పుకునే అధికారం లేదని కాంట్రాక్టులోనూ రాయాలి, మేస్త్రీకీ చెప్పాలి.

డబ్బు ఎప్పుడు, దేని మీద

మొత్తం డబ్బు పని పూర్తయ్యాకే అని ఒప్పుకోవడం కొత్తవాళ్లకు గొప్ప ఆకర్షణ. కస్టమర్ వెంటనే సరేనంటాడు. కానీ చట్టం ఈ విషయంలో చాలా కటువుగా ఉండగలదు. 1898 నాటి ఇంగ్లీషు కేసు సంప్టర్ వర్సెస్ హెడ్జెస్‌లో, రెండు ఇళ్లు, గుర్రపుశాలలు 565 పౌండ్లకు కట్టి ఇస్తానన్న బిల్డర్ సుమారు 333 పౌండ్ల పని చేశాక చేతిలో డబ్బు లేక వదిలేశాడు. యజమాని మిగతాది తనే పూర్తి చేయించుకున్నాడు. చేసిన పనికి బకాయి ఇప్పించమంటే కోర్టు ఇప్పించలేదు. మొత్తం పనికి ఒకే ధర అన్నప్పుడు పని మొత్తం పూర్తవ్వాలంది. సైటులో వదిలేస్తే యజమాని వాడుకున్న సామానుకు మాత్రం డబ్బొచ్చింది.

దశలవారీ చెల్లింపు ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. అయితే దశలను శాతాల్లో రాయకండి. "50 శాతం పని పూర్తయ్యాక" అంటే సగం అయిందని ఎవరు తేలుస్తారు? కంటికి కనిపించే గుర్తులు పెట్టండి: సామాను సైటుకు దిగింది, పాత కప్పు పూర్తిగా దిగిపోయింది, పలకలు సరిచేసి అండర్‌లే పరిచాం, షీట్లు, కొప్పు బిగించి సైటు శుభ్రం చేశాం. ప్రతి గుర్తుకూ ఫోటో ఉంటుంది, వాదనకు చోటుండదు. ఒక దశ డబ్బు రాకపోతే తర్వాతి దశ మొదలుపెట్టం అని రాయొచ్చు, కానీ కప్పు తెరిచి ఉన్న దశలో ఆపేసే హక్కు మాత్రం మీకు మీరే ఇచ్చుకోకండి. ఆ సమయంలో వాన పడి లోపల నష్టమైతే, మీ బకాయి కన్నా ఆ నష్టం పెద్దదైపోతుంది, సానుభూతీ మీవైపు ఉండదు.

అడ్వాన్సు ఎంత తీసుకోవచ్చు అన్నది మీ ఇష్టం కాకపోవచ్చు. ఉదాహరణకు కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతు కాంట్రాక్టుకు సాధారణంగా అడ్వాన్సు 10 శాతం లేదా 1000 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించకూడదు. ఇతర చోట్ల వేరే పరిమితులు, లేదా అసలు పరిమితే లేకపోవడం ఉంటుంది. అమెరికా, కెనడా లాంటి చోట్ల ఇంకో విషయం: మీరు సామాను సరఫరాదారుకు డబ్బు ఎగ్గొడితే, అతను నేరుగా కస్టమర్ ఇంటి మీద హక్కు నమోదు చేయించగలడు, కస్టమర్ మీకు పూర్తిగా కట్టేసినా సరే. అందుకే అక్కడి కస్టమర్లు ప్రతి చెల్లింపుకూ సరఫరాదారు నుంచి హక్కు వదులుకున్న పత్రం అడుగుతారు. అడగకముందే ఇస్తామని రాస్తే కొత్త కంపెనీ మీద నమ్మకం ఒక్కసారిగా పెరుగుతుంది.

వాన, గడువు, మంట

ప్రకృతి వైపరీత్యాల క్లాజు ఏ ఫార్మాట్‌లోనైనా ఉంటుంది. తుపాను, వరద, యుద్ధం, సమ్మె అని బారెడు జాబితా. కప్పు పనికి అది చాలదు, ఎందుకంటే మామూలు వాన వైపరీత్యం కాదు. అందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. వాన వల్ల ఆలస్యమైతే గడువు పెరుగుతుందా? పెరగాలి, వాన రోజులు లెక్కలోంచి తీసెయ్యాలి. కప్పు తెరిచి ఉన్నప్పుడు వాన పడి సీలింగు పాడైతే ఖర్చు ఎవరిది? అది చాలావరకు మీదే. కప్పు తెరిచింది మీరు, ఆకాశం చూడాల్సిందీ మీరే. "వానకు మా బాధ్యత లేదు" అని ఒక్క మాటతో తప్పించుకోవాలని చూస్తే, మీ అజాగ్రత్త వల్ల జరిగిన నష్టం నుంచి ఆ మాట మిమ్మల్ని కాపాడుతుందన్న నమ్మకం లేదు. అంతకన్నా మీరు నిజంగా చేసేదే రాయండి: ఆ రోజు మూసెయ్యగలిగినంత మేరే విప్పుతాం, సాయంత్రం దిగే ముందు తెరిచిన చోటల్లా నీరు చొరబడకుండా కప్పి వెళ్తాం, ఇలా చేసినా ఆపలేనంత అసాధారణ గాలివాన వస్తే ఆ నష్టం కస్టమర్ ఇంటి బీమా కిందికి వస్తుంది. చేస్తామన్నది చేశారనడానికి రోజూ సాయంత్రం ఒక ఫోటో.

ఆలస్యానికి రోజుకింత అని జరిమానా రాయమని కొందరు కస్టమర్లు, ముఖ్యంగా గోడౌన్లు, ఫ్యాక్టరీల వాళ్లు పట్టుబడతారు. రాయొచ్చు, కానీ ఆ అంకె నిజమైన నష్టానికి పొంతన లేకుండా ఉంటే నిలబడదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది అందులో సమంజసమైనంతే. అలాగని ధైర్యంగా ఎంతైనా ఒప్పుకోవద్దు. కోర్టు దాకా వెళ్లకముందే ఆ డబ్బు మీ చివరి బిల్లులో కోసేసుకుంటారు.

బీమా గురించి ఒక్క మాట. బిటుమెన్ పొరను గ్యాస్ మంటతో అతికించే పని మీరు చేస్తుంటే మీ పాలసీని అక్షరం అక్షరం చదవండి. మంట వాడే పనులను కొన్ని పాలసీలు మినహాయిస్తాయి, కొన్ని షరతులు పెడతాయి: దగ్గర్లో ఆర్పే పరికరం, మంట ఆపాక కూడా ఒక మనిషి అక్కడే ఉండి కనిపెట్టుకోవడం లాంటివి. పాలసీ కవర్ చెయ్యని పద్ధతిని కాంట్రాక్టులో రాసి సంతకం పెడితే, ఇల్లు తగలబడ్డ రోజున బీమా కంపెనీ తప్పుకుంటుంది, మీరు మిగులుతారు. సబ్ కాంట్రాక్టర్ మనుషులకు కూడా బీమా వర్తిస్తుందో లేదో అదే పాలసీలో చూసుకోవాలి.

గ్యారంటీ ఇద్దరిది

"25 ఏళ్ల గ్యారంటీ" అని పెద్దక్షరాల్లో రాసే ముందు ఆ పాతికేళ్లు ఎవరివో చూడండి. సాధారణంగా అవి షీట్ల కంపెనీవి. రంగు వెలిసిపోవడం, తుప్పు పట్టడం లాంటి సరుకు లోపాలకే అది. చాలా వారంటీల్లో లేబర్ ఖర్చు ఉండదు, ఏళ్లు గడిచేకొద్దీ ఇచ్చే మొత్తం తగ్గుతూ వస్తుంది. మీరు ఇచ్చేది పని గ్యారంటీ, అంటే బిగించడంలో తప్పు వల్ల నీళ్లు కారితే వచ్చి సరిచేస్తామని. రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తే పాతికేళ్లూ మీ మెడకే చుట్టుకుంటాయి. విడివిడి పేరాల్లో, విడివిడి సంవత్సరాలతో రాయండి. కొత్త కంపెనీ పదేళ్ల పని గ్యారంటీ ఇస్తే వినడానికి బాగానే ఉంటుంది, కానీ నిలబెట్టుకోగలిగినంతే ఇవ్వడం మంచిది.

కంపెనీ వారంటీ నిలవాలంటే మీ పనీ దాని నిబంధనల ప్రకారం ఉండాలి. మెటల్ షీటును గ్రైండర్‌తో కోస్తే నిప్పురవ్వలు పూతను కాల్చి, ఆ మచ్చల దగ్గర తుప్పు మొదలవుతుంది. అందుకే చాలా కంపెనీలు ఆ పద్ధతిని ఒప్పుకోవు. స్క్రూ మరీ బిగిస్తే రబ్బరు వాషర్ నలిగి చీలిపోతుంది, వదులుగా ఉంటే నీరు దిగుతుంది. ఇవి కాంట్రాక్టులో రాసే విషయాలు కావు గానీ, "తయారీదారు సూచనల ప్రకారం బిగిస్తాం" అని రాసే ముందు ఆ సూచనలు నిజంగా చదివి ఉండాలి. ఆ ఒక్క వాక్యంతో ఆ పుస్తకం మొత్తం మీ కాంట్రాక్టులో భాగమైపోతుంది.

మినహాయింపుల్లో కొన్ని తప్పనిసరి. మీ తర్వాత సోలార్ ప్యానెళ్లవాళ్లో, డిష్ బిగించేవాళ్లో కప్పు మీద ఎక్కి రంధ్రాలు చేస్తే ఆ చోటుకు మీ గ్యారంటీ లేదు. గట్టర్లలో ఆకులు పేరుకుని నీరు వెనక్కి తన్నితే లేదు. సమతలంగా ఉండే కప్పుల మీద వాన ఆగాక 48 గంటలు దాటినా నిలిచే నీటిని ఈ పరిశ్రమలో లోపంగా చూస్తారు. వాలు సరిచెయ్యడం మీ పనిలో లేకపోతే ఆ సంగతి స్పష్టంగా రాయాలి. ఇక మెటల్ కప్పుకు లోపలివైపు చెమ్మ పట్టి బొట్లు రాలడాన్ని కస్టమర్లు లీకనే అనుకుంటారు. గాలి ఆడకపోవడం వల్ల వచ్చే ఆ తడికీ, కప్పులోంచి దిగే నీటికీ తేడా కాంట్రాక్టులో రెండు వాక్యాల్లో ఉంటే అర్ధరాత్రి ఫోన్లు కొన్ని తగ్గుతాయి. పరిష్కారం ఏమిటో కూడా చెప్పాలి: ముందు మాకు చెప్పాలి, మేం వచ్చి చూసి సరిచేసే అవకాశం ఇవ్వాలి, వేరేవాళ్లతో చేయించి మాకు బిల్లు పంపకూడదు.

రద్దు చేసుకునే హక్కు, స్థానిక చట్టం

కస్టమర్ ఇంట్లోనే కూర్చుని సంతకం చేయించుకుంటే చాలా దేశాల్లో వాళ్లకు కొన్ని రోజులు మనసు మార్చుకునే హక్కు ఉంటుంది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం ఇలాంటి అమ్మకాలకు 3 పనిదినాలు, బ్రిటన్‌లో, ఐరోపా యూనియన్‌లో 14 రోజులు. ఈ హక్కు గురించి కస్టమర్‌కి రాతపూర్వకంగా చెప్పకపోతే బ్రిటన్‌లో ఆ గడువు ఏకంగా మరో 12 నెలల వరకు సాగుతుంది. కప్పు మారిపోయి, సామాను ఇంటి మీద ఉండగా కస్టమర్ రద్దు చేస్తున్నానంటే పరిస్థితి ఊహించుకోండి. 14 రోజుల్లోపే పని మొదలుపెట్టాల్సి వస్తే, మొదలుపెట్టమని కస్టమర్ స్వయంగా కోరినట్టు విడి కాగితం తీసుకోవాలి. కారుతున్న కప్పుకు అత్యవసరంగా పిలిపించుకున్న మరమ్మతుకు సాధారణంగా మినహాయింపు ఉంటుంది.

గాలివాన నష్టాలకు బీమా డబ్బుతో కప్పు మార్చే చోట ఇంకో ఉచ్చు ఉంది. బీమా కంపెనీ ఇవ్వని వాటాను కస్టమర్ కట్టాలి కదా, ఆ మొత్తాన్ని "మేమే సర్దేస్తాం" అని కొందరు రూఫర్లు ఆశ చూపిస్తారు. టెక్సాస్ 2019లో దీన్ని కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది, అలాంటివి ఇతర రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కాంట్రాక్టులోనే కాదు, ప్రచారంలో కూడా ఆ మాట రాకుండా చూసుకోవాలి. బీమా కంపెనీతో కస్టమర్ తరఫున బేరమాడతామనడం కూడా చాలాచోట్ల లైసెన్సు లేకుండా చెయ్యకూడని పని.

సంతకం ఎవరు పెడుతున్నారన్నది చిన్నగా కనిపించే పెద్ద విషయం. అద్దెకున్నవాళ్లు పిలిచి ఉండొచ్చు, ఇల్లు అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి కావచ్చు, అపార్టుమెంటు కప్పు అసోసియేషన్‌ది కావచ్చు. యజమాని సంతకం లేని కప్పు మీదికి ఎక్కకండి.

రాసుకున్నాక వకీలు దగ్గరికి వెళ్లడం తప్పదు, కానీ "ఒకసారి చూసి చెప్పండి" అని మొత్తం కట్ట ఇచ్చేస్తే ఫీజు ఎక్కువవుతుంది, జవాబు పలచగా వస్తుంది. మీ ప్రాంతంలో ఇంటి మరమ్మతు కాంట్రాక్టులో తప్పనిసరిగా ఉండాల్సిన వాక్యాలేమిటి, లైసెన్సు నంబరు ఎక్కడ రాయాలి, అడ్వాన్సుకు పరిమితి ఉందా, రద్దు నోటీసు ఏ రూపంలో ఇవ్వాలి, దాగి ఉన్న నష్టం క్లాజులో రెండు గంటలకు జవాబు రాకపోతే కొనసాగడం ఇక్కడ చెల్లుతుందా, గొడవ వస్తే మధ్యవర్తి దగ్గరికి ముందు వెళ్లాలని రాయొచ్చా? ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. చివరి ముందు ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ క్లాజును తిరగరాసి, అప్పుడు మొదటి కస్టమర్ ముందు పెట్టండి.